దు:ఖంలో ఉన్నది కోలనా, విసర్గా?

ప్రశ్న: నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తానండీ. కోలన్, సెమీకోలన్, హైఫన్ ఎక్కడ పెట్టాలో పిల్లలకి రూల్స్ చెప్తుంటే, తెలుగు పరీక్షలో కూడా ఇవే పాటించాలా టీచర్ అని అడుగుతున్నారు. ఇంకోటి, మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో నేను "దు:ఖం" అని పెడితే మా తెలుగు మాస్టారు తప్పన్నారు. చూడ్డానికి ఒకేలా ఉంది కదా, ఏంటి తేడా? (ఒక టీచరు గారు, గుంటూరు జిల్లా)

జవాబు: రెండో సంగతి ముందు చూద్దామమ్మా, ఎందుకంటే మీ మాస్టారు చెప్పిందే కరెక్టు. "దుఃఖం"లో ఉండాల్సింది విసర్గ, అది అక్షరం, నోటితో పలికేది. కోలన్ అక్షరం కాదు, కాసేపు ఆగమని చెప్పే గుర్తు, అంతే. కాగితం మీద పెన్నుతో రాసినన్నాళ్ళూ రెండు చుక్కలు రెండు చుక్కలే కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు, కంప్యూటర్ కి మాత్రం అవి రెండూ పూర్తిగా వేరు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరిచ్చే పద్ధతి యూనికోడ్, అందులో కోలన్ నంబరు 58, విసర్గ నంబరు 3075. మీరు కోలన్ తో కొట్టిన "దు:ఖం" ఎవరైనా "దుఃఖం" అని సెర్చ్ చేస్తే మామూలుగా దొరకదు. పైగా కోలన్ కొట్టగానే దాని తర్వాత ఒక స్పేస్ వచ్చి కూర్చుంటుంది చాలాసార్లు, అందుకే హెడ్డింగుల్లో "పున: ప్రారంభం" అని మాట రెండు ముక్కలై కనిపిస్తుంటుంది, లైను చివర పడిందంటే "పున:" పైన, "ప్రారంభం" కింద. అంతఃపురం, ప్రాతఃకాలం, స్వతఃసిద్ధం, అంతఃకలహాలు, వీటన్నిటికీ ఇదే గతి. తెలుగు టైపింగుకి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డయితే షిఫ్ట్ పట్టుకుని హైఫన్ మీట నొక్కండి, విసర్గ వస్తుంది.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది, అది ఇంకా నవ్వొస్తుంది. ఆహ్వానపత్రికల్లో "తేదీః", "వేదికః", "సమయంః" అని కోలన్ ఉండాల్సిన చోట విసర్గ పెట్టేస్తారు. ఉన్నదున్నట్టు చదివితే "తేదీహి" అవుతుంది, పెళ్ళి శుభలేఖ కాస్తా మంత్రపుష్పం అయిపోతుంది.

ఇక మొదటి ప్రశ్న. ఇంగ్లీషు రూల్స్ ఇంగ్లీషుకే, తెలుగుకి వాటిలో చాలావాటి అవసరం లేదు. కారణం తెలుగు వాక్యం కట్టే తీరులోనే ఉంది. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి, సమాసం, క్రియ అన్నిటికీ పరిచ్ఛేదాలున్నాయి, విరామచిహ్నాలకి మాత్రం లేదు. ఇంగ్లీషులో చుక్కలతో చేసే పని మనం ఎక్కువగా మాటలతోనే, ప్రత్యయాలతోనే చేసుకుంటాం.

సెమీకోలన్ తీసుకోండి. 15వ శతాబ్దం చివర్లో వెనిస్ లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడి దగ్గర అచ్చులోకొచ్చిన గుర్తు అది. ఇంగ్లీషులో రెండు పూర్తి వాక్యాల్ని "అండ్", "బట్" లాంటివి లేకుండా దగ్గరగా పెట్టాలంటే మధ్యలో అది కావాలి, ఉత్త కామా చాలదు. మనవాళ్ళు లీవ్ లెటర్లలో "ఐ హావ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్ టుడే" అని కామాతో లాగించేస్తారు, అది ఇంగ్లీషులో తప్పే, ఫీవర్ తర్వాత సెమీకోలనో ఫుల్‌స్టాపో పడాలి లేదా "సో" అనాలి. ఈ తప్పు ఎందుకు చేస్తారంటే తెలుగులో "జ్వరమొచ్చింది, ఇవాళ రాలేను" అంటే ఏ తప్పూ లేదు కాబట్టి. అసలు మనకి అంతకంటే మంచి దారే ఉంది, "జ్వరమొచ్చి రాలేకపోతున్నాను" అంటే సరిపోయె, ఆ "వచ్చి" అనే అసమాపక క్రియే రెండిటినీ కలిపేసింది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, రెండిడ్లీలు తిని, బస్సెక్కి, గుంటూరులో దిగాడు అని ఎంత దూరమైనా లాక్కుపోవచ్చు, ఒక్క సెమీకోలన్ అక్కర్లేకుండా. "హవెవర్", "దేర్‌ఫోర్" ముందు సెమీకోలన్ పెట్టమని పిల్లలకి చెప్తారు కదా, దాన్ని తెలుగులోకి తెచ్చి "అయితే" ముందూ "అందువల్ల" ముందూ పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక్కచోట మాత్రం సెమీకోలన్ తెలుగులో కూడా నిజంగా పనికొస్తుంది, లిస్టులో కామాలున్న ముక్కలొచ్చినప్పుడు: "తెనాలి, ఆంధ్రప్రదేశ్; వరంగల్, తెలంగాణ; బళ్ళారి, కర్ణాటక". ఇక్కడ అన్నీ కామాలే అయితే ఏ ఊరు ఏ రాష్ట్రమో గందరగోళం.

కోలన్ సంగతికొస్తే, ఇంగ్లీషులో దాని ముందున్నది సొంతంగా నిలబడే వాక్యమై ఉండాలి. "ఐ నీడ్ టూ థింగ్స్: ఎ పెన్ అండ్ ఎ స్కేల్" బావుంది. "ద థింగ్స్ ఐ నీడ్ ఆర్: ఎ పెన్ అండ్ ఎ స్కేల్" అంటే "ఆర్" దగ్గర వాక్యం ఇంకా తెగలేదు, అక్కడ కోలన్ తప్పు. తెలుగులో "కావల్సినవి: పెన్ను, స్కేలు" అని హాయిగా రాసుకోవచ్చు. కానీ "కావల్సినవి ఏంటంటే:" అని పెట్టకండి, "ఏంటంటే" అన్నాక ఇంకా కోలన్ దేనికి? అలాగే "మంత్రి అన్నారు: రేపు వస్తాను" అనే వాక్యాలు కొన్ని వార్తల్లో చూస్తున్నా, అది తెలుగు నడక కాదమ్మా, "రేపు వస్తానని మంత్రి అన్నారు" అంటే ఆ "అని" చాలు. అర్జీల్లో "విషయం :-" అని కోలన్ కి తోక తగిలించడం పాత అలవాటు, ఇంక వదిలేయొచ్చు.

హైఫన్ ఇంగ్లీషులో నిజంగా తిప్పలు పెడుతుంది. నామవాచకం ముందు రెండు మూడు మాటలు కలిసి ఒకే విశేషణంగా వస్తే హైఫన్, "ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్" (ఇయర్స్ కాదు, ఇయర్). వాడు ఐదేళ్ళవాడు అని చివర చెప్తే హైఫన్లు పోయి "ఇయర్స్" వస్తుంది, "హి ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్". కాంట్రాక్టు మీద మళ్ళీ సంతకం పెడతానంటూ మెయిల్ రాసేవాళ్ళు "రీ-సైన్"లో ఆ చిన్న గీత మర్చిపోతే అది "రిజైన్" అయి కూర్చుంటుంది, ఉద్యోగానికే ఎసరు. అయితే ఈ రూల్స్ కూడా కదులుతుంటాయి, 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కొత్త ఎడిషన్లో సుమారు 16,000 మాటల్లో హైఫన్లు తీసేశారు, ఐస్-క్రీమ్ లోది కూడా పోయింది.

తెలుగులో సమాసమే అతుకు. అన్నదమ్ములు, కూరగాయలు, తల్లిదండ్రులు, వీటి మధ్య గీత పెట్టక్కర్లేదు. "10-వ తరగతి" కూడా వద్దు, "10వ తరగతి" చాలు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, హైదరాబాద్-విజయవాడ రోడ్డు లాంటి చోట్ల పెట్టండి. లైను చివర మాట విరగ్గొట్టాల్సొస్తే అక్షరం మధ్యలో విరవకూడదని పిల్లలకి చెప్పండి. "రాష్ట్రం"ని "రా-ష్ట్రం" అని విరవొచ్చు గానీ "స్త్రీ"ని ఎక్కడా విరవలేం, అది మొత్తం ఒకటే అక్షరం, కింద లైనుకి వెళ్ళాల్సిందే.