ఉమ్మడి కేసు చర్చల్లో ఫార్మసీ విద్యార్థి ఏం మాట్లాడాలి?

ప్రశ్న: నేను ఫార్మసీ మూడో సంవత్సరం. మా కాలేజీలో మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులతో కలిపి కేసు చర్చలు పెడుతున్నారు. మెడికోలే మాట్లాడతారు, మిగతా వాళ్లం వింటాం. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉందా?

జవాబు: చాలా ఉంది. అయితే మీరు మౌనంగా కూర్చుంటే లేదు. వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన మాట. ఒకే హాల్లో కూర్చుని లెక్చర్ వినడం దాని కిందికి రాదు.

మెడికోలే మాట్లాడుతున్నారంటే తప్పు చాలాసార్లు కేసులోనే ఉంటుంది. ‘జబ్బేమిటి?’ అని మొదలుపెడితే మిగతావాళ్లకు చెప్పడానికేం ఉంటుంది? ‘ఈ రోగిని రేపు డిశ్చార్జి చేయాలి, ఏమేం చూడాలి?’ అని అడిగితే మందుల పట్టిక మీకు, గాయం కట్టు నర్సింగ్‌కు, మెట్లెక్కగలరా అన్నది ఫిజియోకు వస్తాయి. అలాంటి కేసులు ఇమ్మని ఫ్యాకల్టీని అడగండి.

మీ వంతుగా, ముందురోజే కేసు షీటు తీసుకుని రోగి ఇంట్లో వాడే మందులూ వార్డులో రాసినవీ పక్కపక్కన రాసుకోండి. తేడా ఎక్కడ కనిపిస్తే అక్కడే మీరు మాట్లాడాలి. చెప్పడానికి ఎస్‌బార్ వరస వాడండి: పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన. కింది ఉదాహరణలో వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, కోట్రైమోక్సజోల్ ఒక యాంటీబయాటిక్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె లయ తప్పడం, ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూపే పరీక్ష. ఇలా:

“వార్ఫరిన్ వాడుతున్న రోగికి ఈరోజు కోట్రైమోక్సజోల్ రాశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, నిన్నటి ఐఎన్‌ఆర్ 2.8. రెండూ కలిస్తే ఐఎన్‌ఆర్ పెరిగి రక్తస్రావం కావచ్చు. వేరే యాంటీబయాటిక్ ఇవ్వగలమా? ఇదే ఉంచాలంటే వార్ఫరిన్ డోసు చూసుకుని, 3 రోజుల్లో ఐఎన్‌ఆర్ మళ్లీ చేయిద్దాం.”

అర నిమిషం చాలు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది నాలుగో మెట్టు దగ్గర. ప్రమాదం చెప్పి ఊరుకుంటారు, ఏం చేయాలో చెప్పరు. ఎదుటివాళ్లు ‘సరే, చూస్తాం’ అంటారు, మందు మాత్రం మారదు. నిర్ణయమయ్యాక దాన్ని ఒకరు తిరిగి పైకి చెప్పేదాకా వదలకండి. డోసుల్లో తప్పు దొర్లేది తరచూ అక్కడే.

రెజ్యూమెలో ‘ఉమ్మడి శిక్షణకు హాజరయ్యాను’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ కేసు, మీరేం పట్టుకున్నారు, ఏం సూచించారు, జట్టు ఏం మార్చింది అన్నవి రెండు వాక్యాల్లో రాయండి, రోగి వివరాలు లేకుండా. క్లినికల్ ఫార్మసిస్టు ఇంటర్వ్యూలో ‘డాక్టర్ ఒప్పుకోకపోతే ఏం చేస్తారు?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక నిజమైన కేసు ఉంటుంది.