కొలిమిలో కొట్టిన కత్తిని బెల్ట్ గ్రైండర్ (గరుకు పట్టీ తిరిగే సాన మిషను) మీద ఫినిష్ చేస్తుంటే, 400 నంబరు బెల్టుతో ఎంతసేపు రుద్దినా గీతలు పోవడం లేదు, మొన నీలం తిరుగుతోంది. ఏం చేయాలి?

మీరు చెప్పిన రెండు కష్టాలూ నేను పడ్డవే. పడి, దాచిపెట్టి, దొరికిపోయాను కూడా.

నా మొదటి కత్తికి విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ కమాను పట్టీ ముక్క కొన్నాను. మా ఊరి కమ్మరి మామ కొలిమిలో దాన్ని సాగగొట్టించి, నూనెలో ముంచి గట్టిపరిచాక ఆకురాయి పెట్టి చూస్తే గాజు మీద జారినట్టు జారింది. పెళుసుదనం తగ్గేందుకు ఇంట్లో ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు ఉంచాను. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. గ్రైండరు దగ్గరే చెడింది. మొన సన్నబడే చోట ఒక్క క్షణం ఎక్కువ ఆనించేసరికి, బియ్యపు గింజంత మేర నెమలికంఠం రంగు తిరిగింది. బఫ్ (మెరుగు పెట్టే గుడ్డ చక్రం) పెడితే రంగు పోయింది కదా అని ఊరుకుని, కత్తిని మా పిన్నికి ఇచ్చేశాను. పదిహేను రోజులు తిరక్కుండానే మొన పక్కకి ఒరిగిపోయింది. "అద్దంలా మెరుస్తోందిరా, బొట్టు పెట్టుకోవడానికి పనికొస్తుందిలే" అంది మా పిన్ని.

ఆ నీలం మరక కాదు, ఉక్కు ఎంత వేడెక్కిందో చెప్పే గుర్తు. 200 దాటాక లేత గడ్డి రంగు, 250 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. 200లో కాచి నిలబెట్టుకున్న గట్టిదనం, 300 చూసిన చోట తగ్గిపోతుంది. పైరంగు తుడిచేస్తే అది తిరిగి రాదు. మీకు నీలం అంచున ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే ఆ మేర అరగదీసి అంచును వెనక్కి జరపండి. ఇంకా లోపలికి పోయి ఉంటే మళ్లీ కొలిమి దారే.

ఇకమీదట రాకుండా ఉండాలంటే పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టుకోండి. చేతులకి గుడ్డ గ్లౌజులు వద్దు, బెల్టు లాక్కుంటే వేళ్లు పోతాయి, పైగా వేడి తెలియదు. వట్టి చేత్తో పట్టుకుంటే వేడి తెలుస్తుంది కదా అంటారు. సగం నిజమే. మీ వేలు ఉండేది వెన్ను దగ్గర, వేడి పుట్టేది అంచు దగ్గర. వేలికి చురుక్కుమనేలోపే మొన నీలమైపోతుంది. అందుకే నేను వేలిని నమ్మను, నీళ్లని నమ్ముతాను. కత్తిని ముంచి తీసి, తుడవకుండా అలాగే బెల్టుకి ఆనిస్తాను. అంచు మీది తడి ఆవిరవుతూ వెన్ను వైపు వెనక్కి జరగడం కంటికి కనిపిస్తుంది. జరగడం మొదలవగానే మళ్లీ బకెట్లోకి. మొన దగ్గరైతే ఒక్కసారి లాగడం, ఒక్కసారి ముంచడం. ఓపిక కావాలి, అంతే.

వేగం సంగతి కూడా చూసుకోండి. 2,800 తిరుగుళ్ల మోటారుకి 150 మి.మీ. చక్రం ఉంటే బెల్టు సెకనుకి సుమారు 22 మీటర్లు పరుగెడుతుంది. మోటా పనికి అది బాగానే ఉంటుంది కానీ గట్టిపరిచిన సన్న అంచుకి యమగండం. 1,440 తిరుగుళ్ల మోటారు మార్చుకుంటే అదే చక్రం మీద 11కి దిగుతుంది. డబ్బులుంటే త్రీఫేజ్ మోటారు, దాని వేగాన్ని తగ్గించి పెంచే వి.ఎఫ్.డి. డబ్బా పెట్టించుకోండి, ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు మీదే నడుస్తుంది. ఉక్కు పొడి కరెంటుని పోనిస్తుంది కాబట్టి ఆ డబ్బాని మాత్రం మూత ఉన్న పెట్టెలో, దుమ్ముకి దూరంగా ఉంచండి.

ఇక గీతలు. మీరు 400 నంబరు బెల్టు మీద ఎంతసేపు రుద్దినా పోవడం లేదన్నారు. పోవు. అవి 400 తీసేసే గీతలు కావు, 60 నంబరు మోటా బెల్టు దగ్గర మీరు వదిలేసినవి. నంబరు పెరిగేకొద్దీ బెల్టు నున్నన. చాలామంది మోటా బెల్టుని తొందరగా ముగించి, నున్నటి బెల్టు దగ్గర గంటలు కూర్చుంటారు. నేను తిరగేసి చేస్తాను. మొత్తం టైములో సగం పైన 60 దగ్గరే పోతుంది. వాలు సమంగా ఉండటం, రెండు వైపులా ఒకే ఎత్తుకి రావడం, పిడి దగ్గర వాలు మొదలయ్యే గీత అటూ ఇటూ కలవడం, ఇవన్నీ అక్కడే తేలాలి. ఆ తర్వాత 120, 240 ఒక్కొక్కటీ రెండు మూడు నిమిషాల పని.

నంబరు మారినప్పుడల్లా కత్తి పట్టే కోణం కొంచెం మార్చండి. 60 గీతలు నిలువుగా ఉంటే 120 గీతలు ఏటవాలుగా పడాలి. అప్పుడు పాతది ఒక్కటి మిగిలినా అడ్డంగా కనిపించి పట్టిస్తుంది. ట్యూబులైటు కింద కత్తిని మెల్లగా తిప్పుతూ చూడండి, ఎదురుగా పెట్టి చూస్తే ఏమీ కనబడదు. అన్నీ ఒకే వైపుకి ఉన్నాయనిపించేదాకా బెల్టు మార్చకండి. బఫ్ మీద అసలు ఆశ పెట్టుకోకండి. అది గీతని తీయదు, గీత అంచుల్ని గుండ్రం చేసి మెరిపిస్తుంది. అప్పుడు అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అరిగిపోయిన 60 బెల్టు 120 పని చేస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. అది కోయదు, రాసుకుంటుంది, వేడి పుట్టిస్తుంది. అరిగినవి పిడి చెక్కకి వాడుకోండి, కొత్తది ఉక్కుకి. కొలిమి నల్ల పెచ్చు మీద మాత్రం కొత్త బెల్టు పెట్టకండి, నిమిషాల్లో మొద్దుబారుస్తుంది. నూనెలో ముంచక ముందే, కొట్టిన ముక్కని ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి గోకితే ఆ పెచ్చు ఊడొస్తుంది.

మొత్తం గ్రైండరు మీదే పూర్తి చేయాలని పంతం ఎందుకు? 240 అయ్యాక నేను మిషను ఆపేస్తాను. చదునైన ఇనప పట్టీకి వాటర్ పేపరు చుట్టి, సబ్బు నీళ్లతో పిడి నుంచి మొనకి ఒకే వైపుకి లాగుతాను. ముందుకీ వెనక్కీ రుద్దితే చివర కొక్కెంలా వంకర గీత మిగులుతుంది. 400, 600 చాలు. వంటింటి కత్తికి అంతకంటే మెరుపు ఎవరికీ అక్కర్లేదు, మా పిన్నికి అసలే అక్కర్లేదు.

పదును అన్నిటికంటే చివర. గట్టిపరిచే ముందు అంచు ఒక మిల్లీమీటరు మందం ఉంచండి, మరీ సన్నగా ఉంటే నూనెలో అలలు తిరుగుతుంది. తర్వాత పోస్టుకార్డు మందానికి తెచ్చి, బెల్టు వెనక ఇనప పలక ఆనని చోట, అది కొంచెం వదులుగా ఊగే దగ్గర 400తో రెండు వైపులా మెల్లగా. అంచు ఎప్పుడూ బెల్టు పరుగుకి ఎదురు ఉండకూడదు, గుచ్చుకుని కత్తి మీ మీదకే వస్తుంది.

ఇంకొకటి. తుమ్మ చేవ పిడిని అరగదీసిన పొట్టు కింది డబ్బాలో ఉండగానే ఒకసారి ఉక్కు పెట్టాను. నిప్పురవ్వ పడి లోపల్లోపల రాజుకుంది. భోజనం చేసి వచ్చేసరికి షెడ్డు నిండా పొగ. అప్పట్నుంచి చెక్క పని అయ్యాక ముందు డబ్బా ఖాళీ చేసి, అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి గానీ ఉక్కు ముట్టుకోను. మాస్కు, కళ్లద్దాలు ఎలాగూ పెట్టుకుంటున్నారనే అనుకుంటున్నాను.