మచ్చలు పోయాయని మందు ఆపొద్దు

చిన్నీ,

నీ ఫొటోలు చూశాను. నీ ఉప్పునీటి ట్యాంక్‌లోని టాంగ్ చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు, రెక్కల అంచుల్లో ఇంకాస్త ఎక్కువ. మేత తింటోందని, అప్పుడప్పుడు రాయికి ఒళ్లు రుద్దుకుంటోందని రాశావు. చాలావరకు ఇది తెల్లమచ్చల జబ్బే, క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి వల్ల వచ్చేది. టెన్షన్ పడకు, చేప తింటున్నంతవరకు మనకు టైం ఉంది.

కానీ ఒక్క విషయం ముందే చెప్పాలి. నువ్వు ఏ మందూ వేయకపోయినా ఇంకొన్ని రోజుల్లో ఆ చుక్కలు పోతాయి. చాలామంది చేపలు పోగొట్టుకునేది అక్కడే. మేతలో వెల్లుల్లి కలిపినవాళ్లు వెల్లుల్లే పనిచేసిందనుకుంటారు. చేపల ఒళ్లు శుభ్రం చేసే క్లీనర్ ష్రింప్ అనే రొయ్యను తెచ్చి వేసినవాళ్లు అదే తినేసిందనుకుంటారు. నిజానికి ఆ పరాన్నజీవి కడుపు నింపుకుని తన దారిన చేప మీంచి దిగిపోయింది. రెండు వారాలు తిరక్కుండానే నాలుగింతలై తిరిగొస్తుంది. అప్పుడది మొప్పల్లో చేరుతుంది, మనకు కనిపించదు.

దాని బతుకు ఎలా సాగుతుందో తెలిస్తే మిగతా వైద్యమంతా నీకే అర్థమవుతుంది. చేప చర్మం కింద మూడు నుంచి ఏడు రోజులు ఉండి తింటుంది. తర్వాత రాలిపోయి ఇసుకకో, రాయికో, అద్దానికో అంటుకుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ పొర లోపల చీలుతూ పోయి, ఒక్కోదాంట్లోంచి వందల్లో పిల్లజీవులు బయటికొస్తాయి. అన్నీ ఒకేసారి రావు. కొన్ని మూడో రోజుకే వస్తాయి, ఎక్కువ భాగం నాలుగు వారాల్లోపు వస్తాయి. 72 రోజులకు బయటపడ్డవీ ఉన్నాయి. వచ్చేది కూడా తెల్లవారుజామునే, చేపలు రాళ్ల సందుల్లో, ఇసుక దగ్గర కదలకుండా పడుకున్న వేళ. అలా ఈదుకుంటూ వచ్చిన పిల్లజీవికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది.

మన మందులన్నీ పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చర్మం కింద ఉన్నదాన్ని కాపర్ (రాగి మందు) చంపలేదు, పొరలో ఉన్నదాన్నీ చంపలేదు. అందుకే వైద్యం వారాల తరబడి సాగాలి. అందుకే ఒంటి మీద చుక్క కనిపించినా కనిపించకపోయినా లెక్క మారదు.

మందు జోలికి వెళ్లేముందు ఇది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు కాదని తేల్చుకో. నాకు అన్నిటికంటే భయం దానితోనే. వెల్వెట్ అయితే చుక్కలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉండవు, సన్నటి దుమ్ము పట్టినట్టు ఉంటుంది. గదిలో లైటు ఆర్పి టార్చి పక్కనుంచి వేసి చూస్తే బంగారు రంగో, బూడిద రంగో పొర కనిపిస్తుంది. చాలాసార్లు ఒంటి మీద ఏమీ కనిపించకముందే చేప మేత మానేస్తుంది, వెలుతురుకు దూరంగా పోతుంది, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ముందు ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి వేగంగా ఊపిరి తీస్తుంటుంది. అది మొప్పలు మూసుకుపోతున్న గుర్తు. అలాంటప్పుడు రేపు చూద్దాం అనుకోవద్దు, రెండు మూడు రోజుల్లో ట్యాంక్ మొత్తం ఖాళీ అయిపోగలదు. వెల్వెట్‌కి ఉప్పు తగ్గించే పద్ధతి పనికిరాదు. ఆ జీవి దాదాపు మంచినీటి స్థాయి ఉప్పులోనూ బతుకుతుంది. కాపర్ గానీ, క్లోరోక్విన్ ఫాస్ఫేట్ గానీ అదే రోజు మొదలవ్వాలి.

నీ క్లౌన్ ఫిష్ మీద కూడా ఓ కన్నేసి ఉంచు. వాటికి బ్రూక్లినెల్లా అనే ఇంకో జబ్బు వస్తుంది. ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతున్నట్టు కనిపిస్తే అదే. దానికి కాపర్ పనిచేయదు, ఫార్మలిన్ స్నానం చేయించాలి. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తీసిపెట్టి, నీళ్లలో గాలి బాగా కొట్టిస్తూ వాడాలి. సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటే అసలు వాడొద్దు. ఆ పరిస్థితి వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇప్పుడు అసలు పని. పెద్ద ట్యాంక్‌లో మందు వేయకూడదు. కాపర్ పడితే పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. పైగా రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి మోతాదు నిలవదు. "పగడాలకు హాని లేదు" అని రాసి అమ్మే మందులు ఈ జబ్బును నమ్మకంగా పోగొట్టడం నేను చూడలేదు. డబ్బు వాటి మీద కాకుండా ఇంకో చిన్న ట్యాంక్ మీద పెట్టు.

ఆ ట్యాంక్‌లోకి చేపలన్నిటినీ మార్చాలి. మచ్చలున్న టాంగ్ ఒక్కదాన్నే కాదు, నిక్షేపంగా కనిపిస్తున్న క్లౌన్లనూ, గ్రామా చేపనూ కూడా. గ్రామాని పట్టుకోవాలంటే రాళ్లన్నీ తీయాలని బాధపడ్డావు. తియ్యక తప్పదు చిన్నీ. ఒక్క చేప మిగిలినా పిల్లజీవులకు ఆశ్రయం దొరికినట్టే, మన కష్టమంతా వృథా. చేపలు లేకుండా పెద్ద ట్యాంక్‌ని 76 రోజులు వదిలెయ్యి. పగడాలు, రొయ్యలు అందులోనే ఉండొచ్చు, వాటికి కాస్త మేత పడుతూ ఉంటే చాలు. ఇందాక చెప్పిన 72 రోజుల మీద నాలుగు రోజులు కలిపిన లెక్క ఇది.

కొత్త ట్యాంక్ అడుగున ఏమీ వేయకు. హీటర్, స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ స్టోన్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు ఉంటే సరిపోతుంది. ఫిల్టర్‌లో కార్బన్ పెట్టొద్దు, మందును లాగేస్తుంది. ఇక్కడ జబ్బు కంటే ముందు చేపల్ని చంపేది అమ్మోనియా. కొత్త స్పాంజ్‌లో దాన్ని అరిగించే బ్యాక్టీరియా ఉండదు కాబట్టి సీసాలో దొరికే బ్యాక్టీరియా వెయ్యి, రోజూ టెస్ట్ చెయ్యి, పెరిగితే నీళ్లు మార్చు. మార్చే నీళ్లలో కూడా అదే మోతాదు కాపర్ కలిపి పొయ్యి, లేకపోతే పలచబడుతుంది. కాపర్ ఉన్న నీళ్లలో అమ్మోనియాను విరిచే కండిషనర్లు మాత్రం పొయ్యొద్దు. కొన్ని కాపర్ మందులతో అవి కలిస్తే కాపర్ ఇంకా విషపూరితంగా మారుతుంది.

కాపర్‌లో రెండు రకాలున్నాయని మర్చిపోకు. మామూలు అయానిక్ కాపర్ అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. చిలేటెడ్ రకం (కాపర్‌ని ఇంకో పదార్థంతో కట్టి ఉంచినది) అయితే 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు. పది రెట్లు తేడా. ఒకదాని అంకె ఇంకోదానికి వాడితే అదే రోజు చేపలు పోతాయి, లేదా మందు అసలు పనిచేయదు. టెస్ట్ కిట్ కూడా నువ్వు కొన్న రకాన్ని కొలిచేదే కావాలి. మోతాదును ఒకేసారి ఎక్కించకుండా రెండు మూడు రోజుల్లో కొద్దికొద్దిగా పెంచు. పూర్తి స్థాయికి వచ్చిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టు. మధ్యలో ఎప్పుడైనా స్థాయి కిందికి పడితే మళ్లీ ఒకటో రోజు నుంచే. పెంచేటప్పుడు చేప మేత మానేస్తే అక్కడే ఆగి, మళ్లీ తినడం మొదలుపెట్టాక ముందుకెళ్లు.

మందు వద్దనుకుంటే ట్యాంక్ మార్పిడి పద్ధతి ఉంది. చురుగ్గా ఉన్న చేపలకు నాకదే ఎక్కువ ఇష్టం. చేపను 72 గంటలు దాటకుండా కొత్త నీళ్లున్న ఇంకో పాత్రలోకి మార్చాలి. అలా నాలుగు మార్పులు. రాలిపడ్డ జీవులు పొర చీల్చుకుని వచ్చేలోపే చేప అక్కడ ఉండదు. ప్రతిసారీ పాత ట్యాంక్, గొట్టాలు, హీటర్ అన్నీ కడిగి ఎండబెట్టాలి. ఒక్క తడి స్పాంజ్ కూడా వెంట పోకూడదు. అయితే ఇది తెల్లమచ్చలకే, వెల్వెట్‌కి దీన్ని నమ్ముకోవద్దు.

ఉప్పు తగ్గించే పద్ధతి గురించి అడిగావు. నీళ్ల సాంద్రతను 1.009కి దించి నెల రోజులు ఉంచాలి. ఉప్పు కొలిచే రీఫ్రాక్టోమీటర్ సరిగ్గా కాలిబ్రేట్ చేసి ఉండాలి, పీహెచ్ పడిపోకుండా చూసుకోవాలి. తట్టుకుని బతికే రకాలు కూడా బయటపడ్డాయి కాబట్టి నేను దీన్ని చివరికి పెట్టుకుంటాను.

వలలు, బకెట్లు రెండు ట్యాంకులకూ వేర్వేరుగా ఉంచు, చేతులు కడిగి ఆరనిచ్చాకే రెండోదాంట్లో పెట్టు. వెల్వెట్ జీవులు గాలిలో తుంపర్లతో కూడా కొంత దూరం పోతాయి. రెండిటి మధ్యా మూడు మీటర్లకు మించి ఎడం ఉంటే మంచిది.

30 రోజులయ్యాక ప్రాజిక్వాంటెల్ అనే నులిపురుగుల మందు కూడా ఒక విడత ఇద్దాం. చర్మం మీద, మొప్పల్లో పట్టే ఫ్లూక్స్ అనే చిన్న పురుగులు పారదర్శకంగా ఉండి కంటికి ఆనవు. లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, వారం తర్వాత ఇంకోసారి. మొదటిసారి వాటి గుడ్లు చావవు కాబట్టి రెండోది తప్పనిసరి. ఆ రోజుల్లో ఎయిర్ స్టోన్ ఆగకూడదు.

మంచి మేత, నీళ్లకు యూవీ లైటు పెట్టుకుంటే జబ్బుతోనే నెట్టుకురావచ్చని కొందరు నీకు చెప్తారు. అలా నడుస్తున్న ట్యాంకులూ ఉన్నాయి. ఒకసారి తట్టుకున్న చేపకు ఆరు నెలల దాకా కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది, యూవీ పిల్లజీవుల సంఖ్య తగ్గిస్తుంది. కానీ టాంగులకు ఈ జబ్బు తేలిగ్గా అంటుకుంటుంది. ఒక్కరోజు హీటర్ పాడైనా, కొత్త చేప వచ్చి తరిమినా మళ్లీ బయటపడుతుంది. నీకు ఆ దారి నేను చెప్పలేను.

ఇకమీదట కొత్త చేప ఏది తెచ్చినా నేరుగా పెద్ద ట్యాంక్‌లోకి వద్దు. పగడాలు, నత్తలు కూడా చేపల్లేని ట్యాంక్‌లో 76 రోజులు ఉన్నాకే లోపలికి. వాటికి జబ్బు రాదు గానీ, పగడం కింది రాయికి ఆ పొరజీవి అంటుకుని వస్తుంది. పగడాలను ముంచే డిప్ మందులు దాన్ని చంపలేవు.

ఈ రాత్రి లైట్లు ఆర్పేముందు టాంగ్ మొప్పలు కనిపించేలా ఒక నిమిషం వీడియో తీసి పంపు, పక్కనే క్లౌన్‌ది ఇంకోటి. రెండిటి ఊపిరి వేగం పోల్చి చూస్తాను. కాపర్ సీసా కొన్నాక లేబుల్ ఫొటో పెట్టు. నేను చూసి చెప్పేదాకా మూత తియ్యొద్దు.

మీ పెదనాన్న