పాత హారర్ రూపం: గీతలతో రాదు, జూమ్‌తో వస్తుంది

ప్రశ్న: 1980ల హారర్ తరహాలో 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. గ్రెయిన్ (పాత ఫిల్మ్ మీద కనిపించే సన్నటి చుక్కలు), గీతలు ఎంత కలిపినా ఫోన్ ఫిల్టర్‌లాగే ఉంది. నెమ్మదిగా నడిపిస్తే విసుగంటున్నారు. బల్బులు కూడా మిణుకుమంటున్నాయి.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఆ గీతలు తీసేయండి. అమెరికన్ దర్శకుడు టై వెస్ట్ 2009లో తీసిన ‘ది హౌస్ ఆఫ్ ది డెవిల్’ చూడండి. 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీసినా, పాతదనమంతా గ్రెయిన్‌తోనే రాలేదు. నెమ్మదైన జూములు, బొమ్మ ఆగిపోయి పడే పసుపు టైటిళ్లు ఆ కాలాన్ని తెచ్చాయి. మీరు 4కెలో తీసి, అందులో సగం వెడల్పు, సగం ఎత్తు ఉండే 1080పిలో ముగిస్తే, ఎడిటింగ్‌లో రెండు రెట్ల వరకు జూమ్ చేసినా బొమ్మ చెదరదు. ఒక్కో జూమ్‌కు 15-20 సెకన్లు ఇవ్వండి.

ఇక విసుగు సంగతి, అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ సినిమాలో నాయిక పరాయి ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నంతసేపూ పెద్దగా ఏమీ జరగదు. కానీ ఆమె స్నేహితురాలికి ఏమైందో మనకు అప్పటికే తెలుసు, ఆమెకు తెలియదు. అందుకే తలుపు తీసినా గుండె దడదడలాడుతుంది. మీ కథలోనూ మొదటి మూడు నిమిషాల్లో అలాంటి ఒక్క నిజం ప్రేక్షకుడి చేతికివ్వండి. అది లేని నెమ్మది ఉత్త సాగతీతే.

మిణుకు: మన కరెంటు 50 హెర్ట్జ్. దానికి సరిపడేలా, సెకనుకు 24 ఫ్రేములతో తీసేటప్పుడు షట్టర్ (ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం) 1/48 సెకను బదులు 1/50 పెట్టండి. మీ కెమెరా షట్టర్‌ను యాంగిల్‌గా చూపిస్తే 172.8 డిగ్రీలు. వెలుతురు తగ్గించే డిమ్మర్ తగిలించిన చవక ఎల్‌ఈడీలు అప్పటికీ మిణుకుతాయి, ఫిలమెంట్ బల్బు మేలు. గ్రెయిన్ మాత్రం కలర్ కరెక్షన్ అయ్యాకే కలపండి.