ఏడో తరగతి ఖమ్మంలో చదివాను కాబట్టి నేను ఖమ్మం స్థానికురాలిని

రాజ్యాంగంలోని 371 అధికరణం కింద తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేక ప్రతిపత్తి ఉందంటారు కదా, ప్రత్యేక హోదా అన్నా అదేనా అని అడిగారు. రెండూ వేరు. ప్రత్యేక హోదా మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అది 1969లో మొదలైన, కేంద్ర నిధుల పంపకానికి సంబంధించిన ఏర్పాటు. తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగాలు, చదువుల్లో స్థానికులకు వాటా ఇచ్చే 371 డి మాత్రం రాజ్యాంగంలోనే ఉంది. నేను ఏ జిల్లాలో బతకాలో తేల్చింది అదే.

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లె, అప్పటి కృష్ణా జిల్లా. నాన్నగారు ఖమ్మం మిర్చి మార్కెట్లో ఒక కమిషన్ దుకాణంలో గుమస్తా. నాలుగు నుంచి ఏడో తరగతి దాకా అక్కడే చదివాను. ఆ పని పోయాక ఊరికి వచ్చేశాం. మిగతా మూడు తరగతులూ జగ్గయ్యపేటలో. ఉమ్మడి రాష్ట్రంలో జూనియర్ అసిస్టెంటు పోస్టుకు దరఖాస్తు పెట్టినప్పుడు స్థానిక జిల్లా దగ్గర కృష్ణా అని రాశాను. రేషన్ కార్డు, ఓటు, అరెకరం పొలం అన్నీ అక్కడే ఉన్నాయి మరి.

ధ్రువపత్రాల పరిశీలనలో ఒక పెద్దాయన నా స్టడీ సర్టిఫికెట్లను బల్ల మీద వరుసగా పేర్చారు. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి లెక్కపెట్టి, "నాలుగు అటు, మూడు ఇటు. నువ్వు ఇక్కడి లోకల్ కాదమ్మా" అన్నారు. అప్పటి నిబంధన ఇది: పదో తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఒకే జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికులు. లేకపోతే నాలుగు నుంచి పది వరకు ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ. పుట్టిన ఊరితో పనిలేదు. ఆ పోస్టుల్లో 80 శాతం స్థానికులకే. అందరూ పోటీపడే మిగతా 20 శాతానికి నా మార్కులు చాలలేదు. తర్వాతి నోటిఫికేషన్‌లో ఖమ్మం అని రాశాను, ఉద్యోగం వచ్చింది.

లోకల్ కాదన్న ఆ రోజు బస్సులో ఊరిదాకా ఏడుస్తూనే వచ్చాను. కానీ ఖమ్మంలో చేరాక, భద్రాచలం వైపు నుంచి వచ్చిన సహోద్యోగులను చూశాను. వాళ్ల ఇళ్లలో అదే మొదటి జీతం. పెద్ద ఊళ్లలో శిక్షణ తీసుకున్నవాళ్లతో నేరుగా పోటీ పెడితే ఆ కుర్చీలు వాళ్లకు దక్కేవి కావు. ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలనే పాత నిబంధన) గొడవలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం, ఇన్ని దాటి 1973లో ఆరు సూత్రాల పథకం, దాన్ని అమలు చేయడానికి 32వ సవరణతో 371 డి, ఆపైన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటిని సరిగ్గా పాటించలేదు కాబట్టే 1985లో, స్థానికేతరులను వాళ్ల ప్రాంతాలకు తిరిగి పంపాలంటూ ప్రభుత్వం 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది. తప్పు నిబంధనది కాదు, అమలుది అని నా గట్టి నమ్మకం.

ఇదే 371 వరుసలో నాగాలాండ్‌కు ఉన్నది మరో రకం. అక్కడి భూమి, ఆచార చట్టాల విషయంలో పార్లమెంటు చేసిన చట్టం ఆ శాసనసభ ఒప్పుకుంటేనే వర్తిస్తుంది. మనది ఉద్యోగాలు, చదువుల్లో ప్రాంతాల మధ్య న్యాయం కోసం. విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ కొనసాగుతోంది.

తెలంగాణలో 2018 ఉత్తర్వులతో లెక్క మారింది. ఇప్పుడు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చూస్తారు, స్థానిక వాటా 95 శాతం. మా అబ్బాయి మూడో తరగతి. ఏటా వేసవి సెలవులకు ముందే స్టడీ సర్టిఫికెట్ తీసుకుని నాన్నగారి పాత ట్రంకు పెట్టెలో దాస్తున్నాను. మీ పిల్లలకూ ఇప్పుడే తీసుకోండి. బడి మూతపడితే ఆ కాగితం కోసం కార్యాలయాల చుట్టూ తిరగాలి.