వెనక చక్రం బిగించాక బరువుగా తిరుగుతోంది, బ్రేకు తొక్కితే ‘టక్’ మంటోంది: పొరపాటు ఎక్కడ?

పంక్చరు వేయడానికి ఇంట్లోనే బైకు వెనక చక్రం విప్పారు. తిరిగి ఎక్కించాక చేత్తో తిప్పితే బరువుగా తిరుగుతోంది, బ్రేకు తొక్కగానే ‘టక్’ మంటోంది అన్నారు. మీది డ్రమ్ము బ్రేకు బండి కాబట్టి రెండో సంగతి ముందు చెబుతాను. అది తేలేదాకా బండిని రోడ్డెక్కించకండి.

బ్రేకు ప్లేటు (డ్రమ్మును మూసి, బ్రేకు షూలను మోసే పళ్లెం) నుంచి స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టుకునే ఫ్రేము చేతికి) చదునైన ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని టార్క్ ఆర్మ్ అంటారు. బ్రేకు వేసినప్పుడు షూలు చక్రంలోని డ్రమ్మును పట్టుకుంటాయి, డ్రమ్ము వాటిని తనతోపాటు లాక్కుపోవాలని చూస్తుంది. ప్లేటు తిరగకుండా ఆపేది ఆ పట్టీయే. దాని బోల్టు వదులుగా ఉంటే తొక్కిన ప్రతిసారీ ప్లేటు కాస్త కదిలి ‘టక్’ మంటుంది. బోల్టు ఊడిపోతే ప్లేటు చక్రంతోపాటు తిరిగి, పెడల్ నుంచి వచ్చే బ్రేకు రాడ్డును తానే గుంజుకుంటుంది. మీరు పెడల్ వదిలినా బ్రేకు వదలదు, చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. 2020 లాక్‌డౌన్‌లో మెకానిక్ షాపులన్నీ మూసి ఉన్నప్పుడు, ముందే కొని ఉంచిన బ్రేకు షూలు మార్చుదామని మా అపార్ట్‌మెంటు సెల్లారులో నా 100 సీసీ బండి ముందు కూర్చున్నాను. విప్పడం అరగంట. బిగించడం సాయంత్రం దాకా. అంతా అయ్యాక చూస్తే, పరిచిన పాత పేపరు మీద వేలెడంత బుష్ (ఇరుసు మీద ఎక్కే చిన్న ఇనుప గొట్టం) ఒకటి మిగిలి ఉంది. అవసరం లేనిదాన్ని కంపెనీవాళ్లు ఎందుకు పెడతారన్న ఆలోచన ఆ అలసటలో రాలేదు. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు గట్టిగా బిగించాను, చక్రం కదలనే లేదు. మళ్లీ అంతా విప్పి, బుష్ పెట్టి ఎక్కించాను. ఆ విసుగులో పట్టీ బోల్టును వేళ్లతో తిప్పి వదిలేశాను. సెల్లారులోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి బ్రేకు తొక్కితే, మీరు విన్న ‘టక్’ వినబడింది. అక్కడే దిగి చూశాను కాబట్టి బతికిపోయాను.

ఇక మీ మొదటి సమస్య. యాక్సిల్ నట్టు వదులు చేసి చక్రం తిప్పండి. వదులుగా ఉన్నప్పుడు హాయిగా తిరిగి, బిగించగానే పట్టేస్తుంటే ఒక బుష్ తప్పిపోయిందనో, కుడిది ఎడమకు వెళ్లిందనో అర్థం. రెండు వైపుల బుష్‌ల పొడవు ఒకటే కాకపోవచ్చు. తారుమారైతే చక్రం పక్కకు జరిగి స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), చైన్ ఒక గీతలో ఉండవు. కొన్ని బళ్లలో చైను, స్ప్రాకెట్ బండికే ఉండిపోయి చక్రం ఒక్కటే బయటికి వస్తుంది. అలాంటి వాటిలో హబ్బులోని (చక్రం నడిమి భాగంలోని) రబ్బర్ల మధ్య స్ప్రాకెట్ వైపు పళ్లు పూర్తిగా దిగకపోయినా ఇదే గొడవ. రబ్బర్లకు కాస్త సబ్బునీళ్లు రాస్తే చక్రం సులువుగా కూర్చుంటుంది. గ్రీజు మాత్రం యాక్సిల్‌కు పలచగా రాయండి, డ్రమ్ములోకి చుక్క కూడా పోనివ్వకండి.

నట్టు వదులుగా ఉన్నా బరువుగానే తిరుగుతుంటే చైను బిగువు చూడండి. కింది వరస మధ్యలో పైకీ కిందికీ వేలితో ఆడిస్తే చాలా మామూలు బళ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండి లెక్క ఓనర్ మాన్యువల్లో ఉంటుంది. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. పాత చైను ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది, బిగువుగా ఉన్నచోటే లెక్క కుదరాలి. యాక్సిల్ చివర చైను అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఒకే అంకె మీద ఉండాలి. ఆ గీతలను నేను పూర్తిగా నమ్మను. స్వింగ్ ఆర్మ్ ముందు బోల్టు నడిమి నుంచి యాక్సిల్ నడిమికి రెండు వైపులా దారం పెట్టి కొలుస్తాను. చైనును ఇంజను ఆపి చేత్తోనే తిప్పండి. స్టాండు మీద ఇంజను నడుస్తుంటే గుడ్డతో చైను తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చైను కుదిరాక టార్క్ ఆర్మ్ బోల్టు, బ్రేకు రాడ్డు పెట్టండి. తర్వాత ఎవరినైనా బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోమని, అలా తొక్కి ఉండగానే యాక్సిల్ నట్టు పూర్తిగా బిగించండి. షూలు డ్రమ్ము మధ్యలోకి వచ్చి ప్లేటు సరిగా కూర్చుంటుంది. మా ఇంట్లో ఈ ఉద్యోగం మా అబ్బాయిది, జీతం ఐస్‌క్రీం. ఆ తర్వాతే పట్టీ నట్టు గట్టిగా బిగించి, అక్కడ స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చి వంచే తీగ పిన్ను) ఉంటే కొత్తది పెట్టండి. ఒకసారి వంచిన పిన్ను మళ్లీ వంచితే విరిగిపోతుంది, కొత్తది కొన్ని రూపాయల్లో వస్తుంది.

రాడ్డు చివర అడ్జస్టర్ నట్టుకు చిన్న గాడి ఉంటుంది, అది బ్రేకు ప్లేటు మీది లివరులోని పిన్ను మీద కూర్చోవాలి. దాన్ని మరీ బిగిస్తే షూలు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. మీ చక్రం బరువుకు కారణం ఇదీ కావచ్చు. పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాక బ్రేకు పట్టాలి. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు లైటు వెలిగే సమయం కూడా మారుతుంది, అదీ చూసుకోండి.

వీధిలో ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి, మర్నాడు నట్లన్నీ పానాతో మరోసారి తాకి చూడండి. ముందు ఆ పట్టీ బోల్టు ఎలా ఉందో చూసి ఇక్కడ రాయండి, యాక్సిల్‌కు రెండు వైపులా ఫొటోలు పెడితే బుష్ సంగతి నేనే చెబుతాను.