డీప్ పర్పుల్ ట్రిబ్యూట్ బ్యాండ్ పెట్టబోతున్న మా అబ్బాయికి

బర్మింగ్‌హామ్

చిరంజీవి అనిరుధ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నాటింగ్‌హామ్‌లో నువ్వూ నీ నలుగురు మిత్రులూ కలిసి, డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం పాటలు మాత్రమే వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్ పెట్టదలచుకున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. బంగారంలాంటి ఉద్యోగం చేసుకుంటూ ఈ గోల ఎందుకని నాచేత నీకు చెప్పించాలని వాడి ఉద్దేశం. మిడ్‌లాండ్స్ పబ్బుల్లో ఏళ్ల తరబడి శనివారం రాత్రులు ఆర్గన్ ముందు కూర్చున్న మనిషిని అందుకు ఎంచుకోవడమేమిటో వాడికే తెలియాలి. మానమని నేను చెప్పను. ఎలా చేస్తే వినేవాళ్లు మళ్లీ పిలుస్తారో, ఎలా చేస్తే మొదటి పాటకే బీరు తెచ్చుకోవడానికి లేచి వెళతారో, నాకు తెలిసినంత వరకు రాస్తాను.

ముందుగా మీరు ఏ డీప్ పర్పుల్‌ను వాయిస్తారో తేల్చుకోండి. 1968లో పుట్టిన ఆ బృందంలో గాయకులు మారారు, గిటారిస్టులు మారారు, బేస్ వాయించేవాళ్లు మారారు. అన్ని కూర్పుల్లోనూ ఉన్నవాడు డ్రమ్మర్ ఇయాన్ పేస్ ఒక్కడే. జనం ఎక్కువగా ప్రేమించేది 1969లో కుదిరిన రెండో కూర్పును: గిటార్ మీద రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ మీద జాన్ లార్డ్, గాత్రం ఇయాన్ గిలన్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ పేస్. మీరూ ఐదుగురే, గిటార్ నీదే కాబట్టి అక్కడి వరకు చిక్కులేదు. అయితే ఆ ఐదుగురికీ 1972లోనే రెండు రూపాలున్నాయి. మార్చిలో వచ్చిన ‘మెషిన్ హెడ్’ స్టూడియో రికార్డు, క్లుప్తంగా, బిగువుగా ఉంటుంది. అదే ఏడాది ఆగస్టు 15, 16, 17 తేదీల్లో ఒసాకాలోనూ టోక్యోలోనూ రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ వాటిలో కొన్ని పాటలను మరింత వేగంగా, ఎంతో విస్తారంగా వినిపిస్తుంది. ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. జపాన్‌లో దాదాపు ఇరవై నిమిషాలు సాగి, రికార్డులో ఒక పక్క మొత్తాన్నీ ఆక్రమించుకుంది. ఒక పాటకు స్టూడియో పద్ధతి, ఇంకో పాటకు వేదిక పద్ధతి పెట్టుకున్న బ్యాండ్లను నేను చాలా విన్నాను; వాళ్లకు తమ గొంతు ఉండదు, డీప్ పర్పుల్ గొంతూ రాదు. నా మాట వింటే 1972 ఆగస్టును పట్టుకోండి, ఎందుకంటే వేదిక మీద ఐదుగురు మనుషులు నిజంగా వాయించినది అదే.

అలా నిర్ణయించుకున్న వెంటనే ఒక అసలైన చిక్కు ఎదురవుతుంది. ప్రతి రాత్రీ ఒకేలా వాయించని బృందాన్ని అనుకరించడం ఎలా? రికార్డులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పితే, ఆ మనుషులు ఎన్నడూ చేయని పనిని వాళ్ల పేరు మీద చేస్తున్నట్టు అవుతుంది. తోచినట్టు వాయిస్తే వినడానికి వచ్చినవాళ్లు ఎదురుచూసిన స్వరం వాళ్లకు దక్కదు. ఇందుకు దారి ఆ రికార్డులోనే ఉంది. ఆ మూడు రాత్రుల కచేరీలూ దాదాపు మొత్తంగా 1993లో ‘లైవ్ ఇన్ జపాన్’ అనే మూడు సీడీల సంపుటంగా వచ్చాయి. అది సంపాదించి, ఒకే పాటను మూడు రాత్రులూ ఎలా వాయించారో పక్కపక్కన పెట్టుకుని, ఐదుగురూ కలిసి కూర్చుని వినండి. మూడు చోట్లా మారకుండా ఉన్నది ఏమిటో, మారినది ఏమిటో కాగితం మీద రాసుకోండి. మన కచేరీల్లో త్యాగరాజ కీర్తన సంగతులు గురువు చెప్పినట్టే పాడి, స్వరకల్పన దగ్గరికి వచ్చేసరికి ఎవరి మనోధర్మం వాళ్లు చూపిస్తారు కదా, ఇదీ అంతే. మారనిది మీకు పాఠం, దాన్ని ఒక్క స్వరం కూడా తప్పకుండా నేర్చుకోండి. మారేది మీకు వదిలిన చోటు, అక్కడ బ్లాక్‌మోర్ భాషలో మీ సొంత మాట మాట్లాడండి.

‘హైవే స్టార్’లోని గిటార్ సోలోను (ఒక్కడే ముందుకొచ్చి వాయించే ఘట్టాన్ని) ఇందుకు ఉదాహరణగా తీసుకో. ఆ పాట పోర్ట్స్‌మత్‌కు వెళుతున్న బస్సులో, పాటలు ఎలా పుడతాయని ఒక విలేఖరి అడిగితే, అక్కడికక్కడే గిటార్ తీసి మొదలుపెట్టినదని చెబుతారు. కానీ అందులోని సోలో మాత్రం తొందరలో పుట్టింది కాదు. జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతంలో వినిపించే స్వరసమ్మేళనాల వరస మీద బ్లాక్‌మోర్ ముందుగానే ఆలోచించి కూర్చిన సోలో అది. వినేవాళ్లలో సగం మందికి అది నోటికి వచ్చు, పబ్బులో నీ ఎదురుగా నిలబడి వేళ్లతో గాలిలో వాయిస్తుంటారు కూడా. అక్కడ నీ కల్పన ఎవరికీ అక్కర్లేదు. రిహార్సల్‌లో దాన్ని సగం వేగంతో మొదలుపెట్టి, ప్రతి స్వరం విడివిడిగా వినిపించాకే వేగం పెంచు. అదే ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’లో గిలన్ గొంతుకూ గిటార్‌కూ మధ్య జరిగే సవాలు-జవాబును బట్టీ పట్టావంటే ఆ ఘట్టం చచ్చిపోతుంది, మీ గాయకుడు ఏమి అంటాడో నీకు ముందుగా తెలియకూడదు. ‘స్పేస్ ట్రకిన్’ మధ్య భాగం వాళ్లు అంతకుముందు ‘మాండ్రేక్ రూట్’ అనే పాటలో వాయిస్తూ వచ్చిన మనోధర్మమే కాబట్టి, అక్కడ మీకు ఇంకా ఎక్కువ స్వేచ్ఛ ఉంది. అయితే పబ్బులో ఇరవై నిమిషాలు వద్దు, ఎనిమిది చాలు.

ఇక ‘స్మోక్ ఆన్ ద వాటర్’. గిటార్ కొన్న ప్రతి కుర్రాడూ మొదటి రోజే వాయించే ఆ రిఫ్‌ను, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరసను, సరిగా వాయించేవాళ్లు నూటికి పది మంది కూడా ఉండరు. దాన్ని మందమైన పవర్ కార్డులుగా (ఒకేసారి బరువుగా మోగే స్వరాల గుత్తులుగా) ప్లెక్ట్రమ్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, కిందికి కొట్టేస్తారు. బ్లాక్‌మోర్ వాయించేది రెండే స్వరాలు, వాటి మధ్య దూరం షడ్జమం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత. నాలుగో తీగను, మూడో తీగను వేళ్లతో ఒకేసారి మీటుతాడు కాబట్టి, రెండు స్వరాలూ ఒకదాని వెంట ఒకటి రాకుండా ఒకే క్షణంలో పలుకుతాయి. మొదట రెండు తీగలూ ఖాళీగా, తరువాత మూడో మెట్టు, ఆపైన ఐదో మెట్టు. రెండో వరసలో ఆరో మెట్టును తాకి ఐదుకు దిగడం. ప్లెక్ట్రమ్ అవతల పెట్టి ఒకసారి అలా మీటి చూడు, తేడా నీకే వినిపిస్తుంది. రిఫ్‌లోని విరామాలు కూడా రిఫ్‌లో భాగమే. తీగ మోతను ఎక్కడ ఆపాలో నీ ఎడమ చేతికి తెలియాలి, లేకపోతే ఆ తరువాత వచ్చే ఆర్గన్‌కు, డ్రమ్స్‌లోని హై-హాట్ అనే జంట తాళాలకు చోటుండదు.

ఆ పాట కథ నీకు తెలిసిందే. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మోంత్రో కాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ పేల్చి భవనాన్ని తగలబెట్టారు, అక్కడ రికార్డు చేయడానికి వచ్చిన డీప్ పర్పుల్ సభ్యులు సరస్సు మీద కమ్ముకున్న పొగను చూశారు, చివరికి ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియోతో ఆల్బమ్ పూర్తి చేశారు. ఇదంతా మీ గాయకుడికి ఎందుకు కావాలంటే, ఆ పాట సాహిత్యంలో ఉన్నది ఈ వార్తే, అలంకారం ఏమీ లేదు. గిలన్ దాన్ని జరిగింది చెబుతున్నట్టుగా పాడాడు. ట్రిబ్యూట్ గాయకుల్లో ఎక్కువ మంది మొదటి చరణం నుంచే గొంతు చించుకుంటారు, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఆర్గన్ గురించి నేను కొంచెం ఎక్కువే రాస్తాను, భరించు. డీప్ పర్పుల్‌లో రెండో గిటారిస్టు లేడు, ఉండాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను గిటార్ వాళ్ల మార్షల్ యాంప్‌లోకి (శబ్దం పెంచే పెట్టెలోకి) కలిపి దానికి ఆ గరుకుదనం తెప్పించాడు. బ్లాక్‌మోర్ సోలో ఎత్తుకున్నప్పుడు కింద రిథమ్ గిటార్ పని చేసేది ఆ ఆర్గనే. మీ బ్యాండ్‌లో ఎవరైనా ఇంకో గిటార్ చేర్చుకుందామంటే ఒప్పుకోవద్దు. అసలు హామండ్‌ను మెట్లెక్కించి మోయడానికి నలుగురు బలమైనవాళ్లు కావాలి. ఈ రోజుల్లో ఒక చంకన పట్టే డిజిటల్ ఆర్గన్లు వచ్చాయి, వాటితో ఏ నామోషీ లేదు. మీ ఆర్గనిస్టు అమ్మాయికి చెప్పు: ఎడమవైపు మొదటి మూడు డ్రాబార్లూ (స్వరపు రంగు మార్చే లాగుడు కడ్డీలు) పూర్తిగా లాగి, మిగిలినవి మూసి మొదలుపెట్టమను, గరుకుదనం మాత్రం ఆర్గన్‌లోని ఎఫెక్టు నుంచి కాకుండా పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే చిన్న వాల్వ్ యాంప్ నుంచి తెచ్చుకోమను. ‘లేజీ’ పాట ఆరంభంలో ఆ యాంప్ మొరుగుతున్నట్టు వినిపించాలి.

డ్రమ్మర్‌కు ఒక్క మాట. పేస్ ఎడమచేతి వాటం మనిషి కదా అని మీరూ కిట్ తిప్పి అమర్చుకోనక్కర్లేదు; నేర్చుకోవలసింది ఆయన తేలికదనం. జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి జాజ్ డ్రమ్మర్లను విని పెరిగినవాడు కాబట్టి ఆయన లయలో ఒక ఊపు ఉంటుంది, బరువుగా బాదేవాళ్లకు అది అందదు. గ్లోవర్‌ది కనపడని పని. ప్లెక్ట్రమ్‌తో, తొందరపడకుండా, అందరికీ నేల చూపిస్తూ వాయిస్తాడు. మీలో ఓపిక ఎక్కువ ఉన్నవాడికి ఆ పని ఇవ్వు.

గాయకుడి గొంతును మొదటి నెలలోనే పాడు చేయకండి. 26 ఏళ్ల గిలన్ 1972లో అందుకున్న శిఖరాలను వారానికి రెండు రాత్రులు అందుకోవడం మామూలు గొంతుకు సాధ్యం కాదు. శ్రుతి దించండి, అందులో అవమానం లేదు. దించేటప్పుడు గిటార్, బేస్ తీగలనే ఒక మెట్టంత (అర స్వరం) వదులు చేయండి, ఆర్గన్‌కు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. మెట్లు మార్చి వాయిస్తే మాత్రం ఖాళీ తీగల మోత పోయి, ఇందాక చెప్పిన రిఫ్ కుంటిదైపోతుంది. ‘చైల్డ్ ఇన్ టైమ్’ ప్రతి కచేరీలో అడుగుతారు. గిలన్ అంతటివాడే తరువాతి సంవత్సరాల్లో దాన్ని కచేరీల నుంచి తీసేశాడని మర్యాదగా చెప్పండి, ఎప్పుడైనా గొంతు బాగున్న రోజున మొదటి సెట్టు చివర పాడండి, ఎందుకంటే ఆ వెనుక విరామం ఉంటుంది.

1972లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో 117 డెసిబెల్స్ మోత పెట్టి ప్రపంచంలోకెల్లా పెద్ద చప్పుడు చేసే బ్యాండ్‌గా గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు కదా అని, బ్లాక్‌మోర్‌లాగా 200 వాట్ల మార్షల్ కొనకు. అరవై మంది పట్టే గదిలో 20 వాట్ల వాల్వ్ యాంప్‌ను బాగా పెంచి వాయిస్తే దొరికే స్వరం, 200 వాట్ల దాన్ని అణచిపెట్టి వాయిస్తే దొరకదు. పైగా ఇక్కడ చాలా పబ్బుల్లో గోడకు సౌండ్ లిమిటర్, అంటే చప్పుడు హద్దు దాటితే పట్టుకునే యంత్రం, ఉంటుంది. ఎర్ర దీపం కాసేపు వెలిగిందా, స్టేజీకి కరెంటు కట్. అప్పుడు నీ గిటార్ వెంటనే తిరిగి పలుకుతుంది గాని, డిజిటల్ ఆర్గన్ మేలుకునేసరికి సభంతా నిన్నే చూస్తుంటుంది. చెవుల్లో సంగీతకారులు వాడే ఇయర్‌ప్లగ్‌లు మొదటి రిహార్సల్ నుంచే పెట్టుకోండి, నా వయసు వచ్చాక నీ భార్య మాట నీకు వినిపించాలి.

వేషాల విషయానికి వస్తే, విగ్గులు వద్దు. ఆ కాలపు బెల్‌బాటమ్స్, ముదురు రంగు చొక్కాలు చాలు. బ్లాక్‌మోర్ చోట నీలాంటి రాజమండ్రి ముఖాన్ని చూసి మొదట ఒకరిద్దరు ముఖాలు చూసుకుంటారు, రెండో పాటకు ఎవరికీ గుర్తుండదు. పోస్టర్ మీద ట్రిబ్యూట్ అన్న మాట బ్యాండ్ పేరంత పెద్దగా ఉండాలి, అసలు బృందం లోగోను గాని, ఆల్బమ్ బొమ్మలను గాని వాడకండి. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి: వ్యాన్ అద్దె, రిహార్సల్ గది అద్దె తీసేశాక మిగిలింది ఐదు సమాన భాగాలు. గిటారిస్టుకు ఎక్కువ, డ్రమ్మర్‌కు తక్కువ అన్న బ్యాండ్ ఏదీ నిలబడలేదు. అసలు బృందం కూడా ఆ రోజుల్లో పాటలన్నిటికీ ఐదుగురి పేర్లూ సమానంగా వేసుకుంది. అందుకే కచేరీ అయిన మర్నాడు, వాయించిన పాటల జాబితాను పీఆర్‌ఎస్‌కు (పాటల రచయితల తరఫున డబ్బు వసూలు చేసే ఇక్కడి సంస్థకు) పంపే పని ఒకరికి అప్పగించు. పబ్బు యజమాని కట్టిన లైసెన్సు డబ్బులో రచయితల వాటా వాళ్లకు చేరడానికి ఆ జాబితా పనికొస్తుంది. చాలా బ్యాండ్లు బద్ధకించి పంపవు.

మొదటి కచేరీకి నలభై ఐదు నిమిషాల సెట్టు ఒక్కటే పెట్టుకోండి, ‘హైవే స్టార్’తో మొదలుపెట్టి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ చివర ఉంచండి. నా దగ్గర ఆర్గన్‌కు తగిలించే, లోపల తిరిగే పాత లెస్లీ స్పీకర్ ఒకటి గరాజ్‌లో ఉంది, మోటారు బెల్టు మార్చాలి, మిగతాదంతా బాగానే ఉంది. మీ ఆర్గనిస్టు అమ్మాయికి కావాలంటే ఏదైనా ఆదివారం వ్యాన్ తీసుకుని ఇద్దరు రండి. వచ్చే ముందు ఫోన్ చేస్తే మీ పెద్దమ్మ పులిహోర చేసి ఉంచుతుంది. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న